రెండు కిస్తీలైనా లేని బకాయికి 17 లక్షల నోటీసు: ఒక కోనసీమ ఇంటి రుణం కేసు

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అమలాపురం చుట్టుపక్కల వాళ్ళకి రుణాల కాగితాలు చదివి చెప్పడం, ఉత్తరాలు రాసిపెట్టడం నా వ్యాపకమైంది. నా దగ్గరికొచ్చే వాటిలో ఎక్కువ భాగం నిజంగానే కట్టలేక చితికిపోయిన కేసులు. రొయ్యల చెరువు పోయినవాళ్ళు, వరదకి లంక పంట మునిగినవాళ్ళు. ఈ కేసు ఆ బాపతు కాదు. ఒక్క నెల కూడా ఆపకుండా కడుతూ ఉన్న ఇంటికి వేలం దాకా వెళ్ళగల నోటీసు వచ్చింది. ఎలా వచ్చిందో అర్థమైతే ఇంకో నలుగురికి పనికొస్తుందని రాసిపెడుతున్నాను. ఊరు, బ్యాంకు, మనుషుల ఆనవాళ్ళు తీసేశాను. అంకెలు కాస్త మార్చాను, లెక్క చెడకుండా.

నేపథ్యం

గోదావరి పాయ పక్కన ఒక ఊరు. భర్త కువైట్‌లో డ్రైవరు. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఇక్కడ. మామగారి నుంచి వచ్చిన కొబ్బరి తోటలో ఒక మూల నివేశన స్థలంగా విడదీసి, 2021లో ఇల్లు కట్టుకున్నారు. 18 లక్షల రుణం, 20 ఏళ్ళ గడువు, వడ్డీ 6.9 శాతం, కిస్తీ 13,850. రుణంలో భార్య సహ రుణగ్రహీత. ఈ చిన్న విషయం తర్వాత చాలా అక్కరకొచ్చింది.

కిస్తీ కట్టే ఏర్పాటు భర్తే చేసి వెళ్ళాడు. వేరే బ్యాంకులో ఉన్న తన ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండేవాళ్ళ) ఖాతా నుంచి ప్రతి నెలా 5వ తేదీన సరిగ్గా 13,850 రుణ ఖాతాకి వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. రుణం తీసుకునేటప్పుడు అమలాపురంలో అద్దెకుండేవారు, చిరునామా అదే ఇచ్చారు. ఫోన్ నంబరు భర్తది. కువైట్ వెళ్ళాక ఆ సిమ్ రీచార్జ్ లేక చచ్చిపోయింది.

ఇక వడ్డీ సంగతి. రుణం రెపోకి, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటుకి, ముడిపడినది. 2022 మేలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా రిజర్వ్ బ్యాంకు రెపోని 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్ళింది. వీళ్ళ వడ్డీ 9.4కి చేరింది. బ్యాంకు ముందు గడువు పొడిగిస్తూ పోయింది, కిస్తీ ముట్టుకోలేదు. కానీ 17 లక్షల 60 వేల మీద 9.4 శాతమంటే నెలకి వడ్డీయే 13,790 దాకా. కిస్తీలో 60 రూపాయలు అసలుకి పోతే గొప్ప. ఇంక పొడిగించడానికి చోటు లేక 2023 జులై నుంచి కిస్తీని 16,550 చేశారు. ఆ ఉత్తరం అమలాపురం అద్దింటికి వెళ్ళింది. మెసేజ్ చచ్చిన సిమ్‌కి వెళ్ళింది. కువైట్ నుంచి మాత్రం నెలనెలా 13,850 ఠంచనుగా వస్తూనే ఉంది.

బకాయి ఎలా పెరిగింది

ఈ ఒక్క భాగం నిదానంగా చదవమంటాను. కేసు మొత్తం ఇందులోనే ఉంది.

నెలకి తరుగు 2,700. చెక్కు బౌన్స్ అయితే ఆ రోజే ఇంట్లో తెలుస్తుంది. ఇక్కడ బౌన్స్ లేదు. డబ్బు వచ్చింది, కాకపోతే తక్కువొచ్చింది. వచ్చిన డబ్బుని బ్యాంకు ముందు పాత బకాయికి జమ చేసుకుంటుంది, మిగిలిందే ఈ నెల కిస్తీకి. అందువల్ల తరుగు ఎప్పుడూ తాజా కిస్తీలోనే కనిపిస్తుంది, కొన్నాళ్ళు ఎవరికీ ప్రమాదంగా అనిపించదు. ఆరు నెలలకి తరుగు 16,200, ఒక కిస్తీకి కాస్త తక్కువ. ఏడో నెలలో 18,900, కిస్తీ దాటింది. అంటే వెనక నెల కిస్తీలో కొంత ముక్క 30 రోజులు దాటిపోయింది. పదమూడో నెలకి ఆ ముక్క 60 రోజులు దాటింది. 2024 జులై 5న 13,850 పడ్డాక కట్టాల్సింది 35,100. జులై, జూన్ కిస్తీలు పూర్తిగా, మే కిస్తీలో 2,000. ఆ మే ముక్కకి 2024 ఆగస్టు 3తో 90 రోజులు నిండాయి. మర్నాటికి ఖాతా ఎన్‌పీఏ, మన మాటలో మొండి బాకీ. ఆగస్టు 5న మళ్ళీ 13,850 పడింది. అప్పటికే ఆలస్యమైంది.

తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఇంటి భార్య ముందు కాగితం మీద మూడు గడులు గీసి ఇదంతా పెన్సిల్‌తో వేసి చూపించాను. జులై గడి దగ్గర వేలు పెట్టి అడిగింది: “ఇక్కడ ఎంత కడితే ఆగేదండి?” రెండు వేలు. అది కట్టి ఉంటే ఆ నెలకి గీత దాటేది కాదు. ఆ పైన ఆవిడ మాట్లాడలేదు, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

నా దగ్గరికి వచ్చేటప్పటికి

2025 ఏప్రిల్లో రికవరీ ఏజెంటు వచ్చాడు. వీళ్ళకి అదే మొదటి కబురు. “నలభై వేలు కట్టండమ్మా, నేను చూసుకుంటాను” అన్నాడట. అప్పటికి ఛార్జీలు కాకుండా తరుగే 59,400. నలభై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. వాళ్ళకి ఆ నెల టార్గెట్‌లో చూపించుకోవడానికి అంత సరిపోతుంది కాబోలు. ఆవిడ అత్తగారి దగ్గరున్న కొబ్బరి దింపు డబ్బులూ, పుట్టింటివాళ్ళ చేబదులూ కలిపి బ్రాంచి కౌంటర్లో 40,000 కట్టింది. ఏజెంటు చేతికి ఇవ్వకపోవడం మంచిదైంది, రసీదు ఉంది.

మే మొదటి వారంలో గేటుకి నోటీసు అంటించి వెళ్ళారు. మైదా జిగురు ఎండిపోయి, చింపబోతే సగం కాగితం గేటుకే ఉండిపోయింది. మిగతా సగం పట్టుకొచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కాపీ తర్వాత దొరికింది. సర్ఫేసీ చట్టం, 2002 (కోర్టుకి వెళ్ళకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం), సెక్షన్ 13(2) కింద నోటీసు: 17 లక్షల 31 వేల చిల్లర 60 రోజుల్లో కట్టాలి, లేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటాం.

“నెల తప్పకుండా కట్టామండి, నలభై వేలు అదనంగా కట్టామండి, ఆయ్. ఇంకా పదిహేడు లక్షలు ఇప్పుడే కట్టమంటే ఎక్కడ తెస్తామండి?” అని మొదలుపెట్టింది. పక్కన మరిది, ఇల్లు పోతుందన్న కోపంలో.

ఆ రోజుకి నిజమైన తరుగు 22,100. ఛార్జీలు 6,400. రెండూ కలిపినా రెండు కిస్తీలు నిండవు. మామూలు ఖాతాలో ఇంత బకాయి ఉంటే బ్యాంకు ఒక ఫోన్ చేసి ఊరుకుంటుంది. కానీ 2021 నవంబర్ 12న రిజర్వ్ బ్యాంకు తేల్చిచెప్పింది: ఒకసారి ఎన్‌పీఏ అయిన ఖాతా తిరిగి మామూలు ఖాతా కావాలంటే అసలు, వడ్డీ బకాయిలు మొత్తం తీరాలి. కొంత కట్టి గీత ఇవతలికి రావడం కుదరదు. గీత దాటకముందు ప్రతి రూపాయీ ఖాతాని కాపాడుతుంది. దాటాక ఆఖరి రూపాయి పడేదాకా ముందు కట్టినదంతా వర్గం మార్చడానికి అక్కరకు రాదు. ఏప్రిల్లో ఆ నలభై వేలకి ఇంకో పాతికో ముప్పయ్యో కలిపి ఒకేసారి కట్టి ఉంటే నోటీసే వచ్చేది కాదు.

చుట్టాలు చెప్పిన దారులు, ఎందుకు వద్దన్నాను

మొదటిది, ఓటీఎస్. లోక్ అదాలత్‌లో పెట్టించి సగానికి సెటిల్ చేసుకుందామని మరిది. ఓటీఎస్ అంటే అప్పు మొత్తం ఒకేసారి తీర్చేయడం, కొంత తగ్గింపుతో. 17 లక్షలు లేనివాళ్ళకి తగ్గింపు దేనికి? పైగా సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రికార్డులో) ‘సెటిల్డ్’ అని పడుతుంది, రేపు ఇంకో రుణానికి అడ్డం వస్తుంది. వీళ్ళకి కావాల్సింది అప్పు తగ్గడం కాదు, అప్పు యథాప్రకారం నడవడం.

రెండోది, మా వైపు తరచూ వినే వాదన. ఇల్లు కొబ్బరి తోటలో ఉంది, తోట వ్యవసాయ భూమి, వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ చెల్లదు, కాబట్టి బ్యాంకు ఏం చేయలేదు. సెక్షన్ 31(ఐ) వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కానీ తనఖా పెట్టింది తోట కాదు. దస్తావేజులో హద్దులతో నివేశన స్థలం అని రాసుకున్నారు, పంచాయతీ ప్లాన్ ఉంది, ఇల్లు కట్టి ఉంది. చుట్టూ చెట్లున్నాయని స్థలం చేను అయిపోదు. ఈ వాదన మొదటి ఉత్తరంలో పెడితే బ్యాంకు లా ఆఫీసర్ ఒక్క లైన్లో కొట్టేస్తాడు, మిగతా ఉత్తరం చదవడు.

మూడోది, ఒక ప్లీడరు గుమాస్తా చెప్పింది: బకాయి 20 శాతం లోపు ఉంటే చట్టం వర్తించదట. 31(జె)లో అలాంటి మాట ఉంది. అయితే అది ప్రధానంగా అప్పులో చాలా మటుకు తీర్చేసినవాళ్ళకి ఉపయోగపడే క్లాజు. బ్యాంకు మొత్తం రుణాన్ని వెనక్కి అడిగాక ‘రావలసిన మొత్తం’ అంటే కిస్తీల బకాయి కాదు, పదిహేడు లక్షలూ అంటుంది. ఆ వాదన గెలుస్తుందో లేదో చూడ్డానికి ఇల్లు పణం పెట్టలేం.

విశాఖపట్నం డీఆర్టీకి (రుణ వసూలు ట్రిబ్యునల్) వెళ్దామన్న ఆలోచన కూడా వచ్చింది. సెక్షన్ 17 కింద అక్కడికి వెళ్ళే హక్కు బ్యాంకు 13(4) కింద స్వాధీనం లాంటి చర్య తీసుకున్నాక 45 రోజుల్లో వస్తుంది. నోటీసు దశలో కాదు. వెళ్ళినా వకీలు ఫీజు, ప్రయాణాలు కలిపితే బకాయిని మించిపోతాయి. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేతిలో ఉంచుకున్నాం. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగాలి, ఈ లోపు 60 రోజుల గడియారం ఆగదు. ఇది రెండో ఆయుధం, మొదటిది కాదు.

చేసినవి, ఫలించనివి

ముందు బ్రాంచికి వెళ్ళాం. మేనేజర్ కొత్తాయన, మర్యాదస్తుడే. “నా చేతుల్లో లేదండి, ఫైలు రికవరీ సెల్‌కి వెళ్ళిపోయింది” అన్నాడు. అబద్ధం కాదు. నోటీసు అధీకృత అధికారి పేరు మీద వస్తుంది, ఆయన కూర్చునేది ప్రాంతీయ కార్యాలయంలో. మన వాళ్ళు బ్రాంచి చుట్టూ తిరిగి అలిసిపోయేది ఇక్కడే. అయినా బ్రాంచిలో ఒక పని అయింది. సహ రుణగ్రహీతగా ఆవిడ సంతకంతో 2021 నుంచి పూర్తి స్టేట్‌మెంట్, ఛార్జీల విడివిడి వివరం అడిగాం, ఇచ్చారు. రుణం భర్త ఒక్కడి పేరునే ఉంటే కువైట్ నుంచి ఆథరైజేషన్ తెప్పించేసరికి సగం గడువు కరిగిపోయేది.

గడువు పొడిగించి కిస్తీ తగ్గించమని రీస్ట్రక్చర్ కోసం ఒక అర్జీ భర్త కువైట్ నుంచే మెయిల్ చేశాడు. ఎన్‌పీఏ ఖాతాకి కుదరదని తిరుగు టపాలో వచ్చింది. అది ఊహించిందే. రీస్ట్రక్చర్ చేసినా ఖాతా మామూలు వర్గంలోకి వెంటనే రాదు, కాబట్టి దాని మీద ఇంకో ఉత్తరం వృథా చేయలేదు.

మే ఆఖర్లో సెక్షన్ 13(3ఏ) కింద అభ్యంతరం రాశాం. ఈ ఉత్తరం అందాక 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబివ్వాలి. అందులో ఏడుపు, దయ అనే మాటలు లేకుండా చూశాను. మూడు విషయాలే. ఒకటి, తరుగు పట్టిక, నెలనెలా 13,850 జమ అయిన తేదీలతో. కట్టే ఉద్దేశం లేనివాడి ఖాతా ఇలా ఉండదు. రెండు, కిస్తీ పెంపు సమాచారం. పెంపు జులైలో, రిజర్వ్ బ్యాంకు వడ్డీ రీసెట్ సర్క్యులర్ 2023 ఆగస్టు 18న. అయినా అది పాత రుణగ్రహీతలకి కూడా ఆ డిసెంబర్ 31లోగా వాళ్ళకున్న వెసులుబాట్లు తెలియజేయమంది, మూడు నెలలకోసారి కిస్తీ, వడ్డీ వివరాలతో స్టేట్‌మెంట్ ఇవ్వమంది. ఈ ఇంటికి అవి రాలేదు. పాత చిరునామాకి పంపామంటారా? ఆ ఇంటి కోసమే రుణమిచ్చి, పునాది నుంచి స్లాబు దాకా మీ ఇంజనీరే వచ్చి చూసి విడతలు విడుదల చేశాడు, ఇల్లు ఎక్కడుందో బ్యాంకుకి తెలియదనడం కుదరదు. మూడు, ఒకే తేదీన రెండు ఫీల్డ్ విజిట్ ఛార్జీలు ఎందుకు పడ్డాయో చెప్పండి.

జవాబు గడువులోనే వచ్చింది. ‘మీ అభ్యంతరాలు అంగీకారయోగ్యం కావు, మొత్తం చెల్లించగలరు.’ మరిది కాగితం టేబుల్ మీద విసిరాడు. నాకు మాత్రం ఆ జవాబులో ఒక లోటు కనిపించింది: ఫీల్డ్ విజిట్ గురించి గానీ, చిరునామా గురించి గానీ ఒక్క మాట లేదు.

ఫలించింది

ఇక్కడి నుంచి నా ఆలోచన మార్చుకున్నాను. చట్టంలో వీళ్ళకి బలం తక్కువ. రుణం వెనక్కి అడిగాక బకాయి ఒక్కటే తీసుకుని ఖాతా నడవనివ్వాలని బ్యాంకుని కట్టడి చేసే రూలు లేదు. అయితే బ్యాంకుకి అందులో లాభం ఉంది. సబ్‌స్టాండర్డ్, అంటే మొండి బాకీల్లో మొదటి మెట్టు వర్గంలో ఉన్న తనఖా రుణానికి 15 శాతం ప్రొవిజన్‌గా, నష్టం వస్తుందేమోనని, పక్కన పెట్టాలి. 17.3 లక్షల మీద సుమారు 2 లక్షల 60 వేలు. మామూలు ఇంటి రుణానికి 0.25 శాతం, అంటే 4,300 చాలు. బకాయి మొత్తం తీరితే ఆ డబ్బు వాళ్ళ లాభాల్లోకి తిరిగొస్తుంది. పైగా అప్పుడు జూన్ నెల, 30న త్రైమాసికం ముగుస్తుంది. ఎన్‌పీఏ తగ్గించి చూపమని పైనుంచి ఒత్తిడి ఉండే రోజులు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాడినే.

ప్రాంతీయ కార్యాలయానికి ఆవిడా, నేనూ వెళ్ళాం. మరిదిని ఇంట్లోనే ఉండమన్నాను. అధికారిని రుణం మాఫీ అడగలేదు, నోటీసు తప్పని వాదించలేదు. “ఏ తేదీకి ఎంత కడితే ఈ ఖాతా అప్‌గ్రేడ్ అవుతుందో ఒక కాగితం మీద రాసివ్వండి, ఆ రోజే కట్టేస్తాం” అన్నది ఒక్కటే అడిగాం. ఆ తర్వాత ఫీల్డ్ విజిట్ రెండు సార్లు పడిన స్టేట్‌మెంట్ పేజీ ఆయన ముందు పెట్టాం. ఆయన దాన్ని చూసి, క్లర్కుని పిలిచి, “ఇది రివర్స్ చేయించు” అన్నాడు. 6,400 ఛార్జీల్లో 2,300 పోయాయి.

రాసిచ్చిన అంకె 30,940. యాప్‌లో ఆ రోజు ఓవర్‌డ్యూ 24,800 చూపిస్తోంది. తేడాలో 4,100 మిగిలిన ఛార్జీలు. మిగతాది బ్యాంకు ఎన్‌పీఏ అయ్యాక లెడ్జర్‌లో వేయకుండా లోపల విడిగా రాసుకునే వడ్డీ. రుణగ్రహీతకి అది ఏ పాస్‌బుక్‌లోనూ కనిపించదు. యాప్ అంకె నమ్మి 24,800 కట్టి ఉంటే, ఏప్రిల్ నలభై వేల కథే మళ్ళీ జరిగేది.

డబ్బు ఎక్కడిదన్నది చిన్న చర్చ. అత్తగారు గాజులు అమ్మేద్దామన్నారు. అమ్మడమెందుకు, బ్యాంకులో తాకట్టు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుంటే కువైట్ నుంచి వచ్చే రెండు మూడు నెలల జీతంతో విడిపించుకోవచ్చు. ఆ వడ్డీ ఎంతో వేసి చూపించాక ఒప్పుకున్నారు. బయట చీటీ వడ్డీకి మాత్రం వద్దన్నాను.

ఒకే రోజు, మధ్యాహ్నం లోపు, ఒకే రసీదు మీద 31,500 కట్టించాను. 560 ఎక్కువ. ఆ రోజు రాత్రి కంప్యూటర్ లెక్క వేసేటప్పుడు ఎక్కడో పది రూపాయల జీఎస్టీ మిగిలిపోతే పనంతా పోతుంది. రసీదుతో పాటు ఒక ఉత్తరం: ఈ చెల్లింపు ఫలానా తేదీ లేఖలోని పూర్తి బకాయికి, ఖాతాని అప్‌గ్రేడ్ చేసి 13(2) నోటీసు ఉపసంహరించినట్లు రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఖాతా మర్నాడే మారింది. ఉపసంహరణ లేఖ తనంతట రాలేదు, రెండు మెయిళ్ళు, ఒక ఫోన్ తర్వాత వచ్చింది. ఆ కాగితం లేకుండా ఫైలు మూయకూడదు. ఆఫీసర్ మారితే పాత నోటీసు పట్టుకుని మళ్ళీ మొదటికొస్తారు.

ఆ తర్వాత సరిచేసినవి

స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ తీసేయించి, రుణ బ్యాంకు పేరున నాచ్ మాండేట్ పెట్టించాం, గరిష్ఠ పరిమితి 20,000తో. కిస్తీ పెరిగినా తగ్గినా బ్యాంకే సరైన మొత్తం లాగుకుంటుంది. ఖాతాలో లేకపోతే బౌన్స్ అవుతుంది, ఛార్జీ పడుతుంది, కానీ ఆ రోజే తెలుస్తుంది. కువైట్, మస్కట్, దుబాయ్‌ల్లో మనుషులున్న ఇళ్ళన్నిటికీ ఇప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: కిస్తీ మీరు పంపుతున్నారా, బ్యాంకు లాగుకుంటోందా? ఫోన్ నంబరు భార్యది చేయించాం, చిరునామా ఈ ఇంటిది.

2025లో రెపో ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య ఒక శాతం తగ్గింది. తర్వాతి రీసెట్‌లో వీళ్ళ కిస్తీ 15,600 దగ్గరికొచ్చింది. పాత 16,550నే కట్టుకుంటూ పొమ్మన్నాను, అదనం అసలుకి పోతుంది. ముందు రాతపూర్వకంగా అడిగి తీరాలి, లేకపోతే అదనం ఖాతాలో ఊరికే పడి ఉంటుంది.

సిబిల్‌లో 2024 ఆగస్టు నుంచి 2025 జూన్ దాకా పడిన మచ్చ చెరపమని భర్త పదే పదే అడిగాడు. జరిగింది జరిగినట్టు ఉన్నంతవరకు చెరపరు. తప్పుగా ఉంటేనే సరిచేస్తారు. మే నెలలో మాత్రం బకాయి రోజులు తప్పు పడ్డాయి, దానికి బ్యాంకుకీ, సిబిల్‌కీ రాశాం. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం అడగొచ్చని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, ఆ మాట ఉత్తరంలో కలిపాం. ఆ సవరణ వచ్చింది. ఏజెంటు ఏప్రిల్లో చెప్పిన నలభై వేల అంకె ఎవరిచ్చారని అడిగిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు లేదు.